నెలలు నిండని బిడ్డకు ఏ పాలు? తల్లిపాలు, దాత పాలు, ఫార్ములా, ఫోర్టిఫైయర్ మధ్య ఎంపిక

30 వారాలకే 1200 గ్రాములతో పుట్టిన బిడ్డ మరో పది వారాలు కడుపులో ఉండి ఉంటే మావి నుంచి ఏమేం అందేవో అవన్నీ ఇప్పుడు పాలలోంచే రావాలి. ఎముకలకు కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్‌లో చాలా భాగం, ఒంట్లో నిల్వ ఉండాల్సిన ఇనుము గర్భం చివరి మూడు నెలల్లోనే చేరతాయి. ఆ నెలలు దక్కని బిడ్డకు కిలో బరువుకు కావలసిన ప్రోటీను, ఖనిజాలు ఎక్కువ. వాటిని అరిగించుకోవాల్సిన పేగు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అందుకే పాల ఎంపికలో రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి పెరుగుదల లెక్క, రెండోది పేగు లెక్క. ఈ రెండూ కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. ఫార్ములా తాగే బిడ్డ బరువు త్వరగా పెరుగుతుంది. మనిషి పాలు తాగే బిడ్డకు నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ వచ్చే ప్రమాదం తక్కువ. డాక్టర్లు ఎన్ఈసీ అని క్లుప్తంగా పిలిచే ఈ జబ్బులో పేగు గోడ వాచి, కొన్ని చోట్ల చచ్చుబడి, ఒక్కోసారి చిల్లు పడుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. బరువు రోజూ తూకంలో కనిపిస్తుంది, రాకుండా ఆగిన జబ్బు ఎవరికీ కనిపించదు. ఎంపికలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

కింద చెప్పినదంతా ముఖ్యంగా 32 వారాలలోపు పుట్టిన, లేదా 1500 గ్రాముల కంటే తక్కువ బరువున్న పిల్లల గురించి. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినవాళ్లకు పాల రకం కన్నా పాలు తాగే ఓపిక పెద్ద సమస్య. వాళ్ల సంగతి చివర్లో వస్తుంది.

వరుస ఏమిటి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం మొదటి స్థానం కన్నతల్లి పాలది. అవి దొరకనప్పుడు, లేదా చాలనప్పుడు, 32 వారాలలోపు లేదా 1500 గ్రాములలోపు పిల్లలకు దాత పాలు, అంటే వేరే తల్లులు పాల బ్యాంకుకు ఇచ్చిన పాలు. అవీ లేకపోతే పోషకాలు ఎక్కువగా ఉండే ప్రీటర్మ్ ఫార్ములా. ఫోర్టిఫైయర్‌ది ఈ వరుసలో నాలుగో స్థానం కాదు. అది ప్రోటీను, ఖనిజాలు పెంచడానికి తల్లిపాలలోనో దాత పాలలోనో కలిపే పొడి లేదా ద్రవం. "తల్లిపాలా, ఫోర్టిఫైయరా" అని అడగడంలో అర్థం లేదు. "తల్లిపాలు మాత్రమేనా, ఫోర్టిఫైయర్ కలిపినవా" అన్నదే అసలు ప్రశ్న.

కన్నతల్లి పాలు: నాణ్యత కంటే ముందు పరిమాణం

ఈ పాల గొప్పతనం గురించి అందరూ చెబుతారు, వాటిని ఎలా నిలబెట్టుకోవాలో చెప్పేవాళ్లే తక్కువ. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కాన్పైన ఒకటి రెండు గంటల్లో, ఆలస్యమైనా ఆరు గంటల్లోపు, పాలు పిండటం మొదలుకావాలి. మొదటి రెండు రోజులు చేత్తో పిండితేనే మేలు. ముర్రుపాలు చిక్కగా, చుక్కలుగా వస్తాయి. పంపు పెడితే ఆ చుక్కలు గొట్టానికి, సీసా గోడలకు అంటుకుని అక్కడే మిగిలిపోతాయి. పాలు పడ్డాక పంపు, దానితోపాటు చేతి మర్దన. 24 గంటల్లో 8 నుంచి 10 సార్లు పిండాలి, అందులో ఒకటి అర్ధరాత్రి దాటాక ఉండాలి, ఏ రెండింటి మధ్యా ఐదు గంటలు మించకూడదు. ప్రతిసారీ పాలు రావడం ఆగిన తర్వాత ఇంకో రెండు నిమిషాలు కొనసాగించాలి. 14వ రోజుకు రోజుకు 500 మిల్లీలీటర్లు రావడం లక్ష్యం.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే, మళ్లీ మళ్లీ జరుగుతుంది. మొదటి వారంలో బిడ్డకు ఒక్కో పూటకు రెండు మూడు మిల్లీలీటర్లే పడతాయి. ఫ్రిజ్‌లో అప్పటికే యాభై ఉన్నాయి కదా అని తల్లి రోజుకు నాలుగుసార్లే పిండుతుంది. పిండిన మేరకే రొమ్ము తయారుచేస్తుంది, మొదటి రెండు వారాల్లో కుదిరిన స్థాయిని తర్వాత పెంచడం చాలా కష్టం. మూడో వారానికి బిడ్డకు రోజుకు 200 మిల్లీలీటర్లు కావలసి వచ్చేసరికి పాలు చాలవు. అప్పుడు "ఆమెకు పాలు లేవు" అంటారు. పాలు లేక కాదు, అడగాల్సినన్ని సార్లు రొమ్మును అడగలేదు. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాల్సిన బాధ్యత మిగతా అందరిదీ. ఏ గంటకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో రాసిపెట్టుకుంటే తగ్గుదల రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది.

నొప్పి వచ్చినా, పాలు సగంలో ఆగినా మొదట పంపు గరాటు సైజు చూడాలి. గరాటు ఇరుకైతే చనుమొన రాసుకుపోయి పుండుపడుతుంది. మరీ వెడల్పైతే చుట్టూ ఉన్న నల్లభాగం లోపలికి లాగబడి పాలు సరిగా ఖాళీ కావు.

బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా ఛాతీ మీద ఉంచుకునే కంగారూ సంరక్షణకు పాలతో నేరుగా సంబంధం ఉంది: బిడ్డ దగ్గరుంటే పాలు బాగా వస్తాయి. అంతకుమించిన లాభం కూడా రుజువైంది. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాలలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, 1000 నుంచి 1799 గ్రాముల మధ్య పుట్టిన 3211 మంది పిల్లలను చూశారు. పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే కంగారూ సంరక్షణ మొదలుపెట్టినవాళ్లలో 28 రోజులలోపు మరణాలు 12.0 శాతం. ఆగి మొదలుపెట్టినవాళ్లలో 15.7 శాతం. రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు ఉంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

నిల్వ లెక్క: పిండిన పాలు గది వేడిలో 4 గంటలు, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 4 రోజులు, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో 3 నెలలు. కరిగించినవి ఫ్రిజ్‌లో 24 గంటలే, మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్‌లో వేడిచేయకూడదు: ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి. తాజా పాలున్నప్పుడు గడ్డకట్టించినవి వాడకండి, ఎందుకంటే ఫ్రీజర్‌లో పాలలోని జీవకణాలు చనిపోతాయి. ముర్రుపాలను మాత్రం పిండిన తేదీల వరుసలో ముందుగా ఇవ్వాలి.

తల్లిపాలు అసలు ఇవ్వకూడని సందర్భాలు చాలా కొద్ది. పాలలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేని పుట్టుకజబ్బు గెలాక్టోసీమియా బిడ్డకు ఉంటే ఇవ్వరు. తల్లి కొన్ని క్యాన్సర్ మందులు వాడుతున్నప్పుడు ఇవ్వరు. పాల ద్వారా బిడ్డకు సోకగల సైటోమెగలోవైరస్ తల్లికి ఉన్నప్పుడు 28 వారాలలోపు పుట్టిన బిడ్డకు ఎలా ఇవ్వాలన్నది ఒక్కో నవజాత శిశువుల యూనిట్‌లో ఒక్కోలా ఉంటుంది. ఫ్రీజర్ ఆ వైరస్‌ను తగ్గిస్తుంది కానీ పూర్తిగా చంపదు, పాలను వేడిచేసి క్రిములను పోగొట్టే పాశ్చరీకరణ చంపుతుంది.

దాత పాలు: వంతెన మాత్రమే

మొదటి తల్లిపాల బ్యాంకు 1909లో వియన్నాలో మొదలైంది. ఇప్పటి బ్యాంకులు దాతల రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు పాశ్చరైజ్ చేస్తాయి. హెచ్ఐవి, సైటోమెగలోవైరస్, మామూలు బ్యాక్టీరియా పోతాయి. అదే వేడికి పాలలోని జీవకణాలు, కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైము కూడా పోతాయి. క్రిములతో పోరాడే ప్రోటీన్లు ఐజీఏ, లాక్టోఫెర్రిన్ తగ్గుతాయి. పైగా దాతల్లో ఎక్కువమంది నెలలు నిండిన బిడ్డల తల్లులు, కాన్పై నెలలు గడిచినవాళ్లు. వాళ్ల పాలలో ప్రోటీను 100 మిల్లీలీటర్లకు సుమారు 0.9 గ్రాములు. నెలలు నిండకుండా కన్న తల్లి పాలలో మొదటి వారాల్లో ఇది అంతకంటే ఎక్కువే ఉంటుంది.

అంటే దాత పాలు కన్నతల్లి పాలకు సాటిరావు, కానీ ఫార్ములాతో పోల్చినప్పుడు పేగును కాపాడతాయి. కెనడాలో 363 మంది పిల్లలతో జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, తల్లిపాలు చాలనప్పుడు ఒక గుంపుకు దాత పాలు, ఇంకో గుంపుకు ఫార్ములా ఇచ్చారు. దాత పాలు తాగినవాళ్లలో ఎన్ఈసీ 1.7 శాతం, ఫార్ములా తాగినవాళ్లలో 6.6 శాతం. 18 నెలల వయసులో తెలివితేటల పరీక్షలో తేడా లేదు. అమెరికాలో 483 మందితో జరిగి 2024లో వెలువడినదీ ఇదే చెప్పింది: ఎన్ఈసీ 4.2కు ఎదురుగా 9.0 శాతం, రెండేళ్ల వయసులో మెదడు ఎదుగుదలలో తేడా లేదు, బరువు మాత్రం దాత పాల గుంపులో నెమ్మదిగా పెరిగింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇవి దాత పాలను ఫార్ములాతో పోల్చినవి, కన్నతల్లి పాలతో కాదు. చీటీ వేసి కొందరు బిడ్డలకు తల్లిపాలు మాన్పించడం అన్యాయం కాబట్టి అలాంటి పరిశోధన ఎవరూ చేయరు. "మెదడుకు తేడా లేదన్నారు, ఇక తల్లిపాల కోసం తంటాలెందుకు" అనే ముగింపు ఈ పరిశోధనల్లోంచి రాదు.

మా అభిప్రాయంలో దాత పాలకు సరైన చోటు మొదటి వారాలు: తల్లికి పాలు పడేదాకా, గర్భం మొదలు నుంచి లెక్కిస్తే బిడ్డ 32 నుంచి 34 వారాలు దాటేదాకా. ఆ తర్వాత ఎన్ఈసీ ప్రమాదం బాగా తగ్గుతుంది, పెరుగుదల లెక్క బరువెక్కుతుంది. దాత పాలు చేతికి అందుతున్నాయని తల్లి పాలు పిండటం సడలించడమే ఈ ఎంపికలో దాగిన నష్టం.

తెలిసినవాళ్ల దగ్గర పిండించి తెచ్చిన పాలు దాత పాలు కావు. పరీక్ష లేదు, పాశ్చరీకరణ లేదు. వాళ్లు ఏ మందులు వాడుతున్నారో తెలియదు. 1200 గ్రాముల బిడ్డకు అవి వద్దు.

ఫార్ములా ఎప్పుడు సరైన ఎంపిక

తల్లిపాలు, దాత పాలు రెండూ లేనప్పుడు బిడ్డను పస్తు ఉంచడం, సెలైన్ మీదే రోజులు లాగడం తప్పు. అప్పుడు ప్రీటర్మ్ ఫార్ములా ఇవ్వాలి, ఆ తల్లి తప్పు చేసినట్టు బాధపడాల్సిన పనిలేదు. ప్రీటర్మ్ ఫార్ములాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 80 కిలో కేలరీలు ఉంటాయి. నెలలు నిండిన పిల్లల ఫార్ములాలో సుమారు 67 మాత్రమే, ప్రోటీను, కాల్షియం కూడా తక్కువ. రెండూ ఒకటే అనుకుని రెండోది ఇస్తే బరువు పెరగదు, ఎముకలు బలహీనపడతాయి. ఆవుపాలు, మేకపాలు, మొక్కల నుంచి తీసిన పాలు, నీళ్లు కలిపినవైనా సరే, పనికిరావు.

ద్రవరూపంలో సీలుతో వచ్చే ఫార్ములా, పొడి ఫార్ములా రెండూ దొరికితే ద్రవమే తీసుకోవాలి. పొడి ఏదీ క్రిములు లేనిది కాదు. అందులో క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, అది నెలలు నిండని బిడ్డలో మెదడు పొరల వాపు తెస్తుంది. పొడి తప్పనిసరైతే కాచిన నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే కలిపి, చల్లార్చి, వెంటనే పట్టించాలి. డబ్బాలో ఇచ్చిన చెంచానే వాడి, తలగొట్టి కొలవాలి. బరువు త్వరగా పెరగాలని ఒక చెంచా ఎక్కువ వేస్తే పాలు చిక్కనై పేగును దెబ్బతీస్తాయి. నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డ ఒంట్లో సోడియం పడిపోయి మూర్ఛలు రావచ్చు.

ఫోర్టిఫైయర్: లెక్క వేసి చూడండి

నెలలు నిండకుండా 1800 గ్రాములలోపు పుట్టిన బిడ్డకు రోజుకు కిలోకు 3.5 నుంచి 4 గ్రాముల ప్రోటీను, 115 నుంచి 140 కిలో కేలరీలు, 120 నుంచి 200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని యూరప్ పిల్లల పోషణ నిపుణుల సంఘం 2022లో చెప్పింది. ఇప్పుడు కిలోకు 160 మిల్లీలీటర్ల దాత పాలు ఇస్తే వచ్చే ప్రోటీను 1.4 గ్రాములే, అంటే అవసరంలో సగం కూడా కాదు. 3.5 గ్రాములు రావాలంటే కిలోకు దాదాపు 390 మిల్లీలీటర్లు తాగాలి. ఆ గుండె, ఆ ఊపిరితిత్తులు అంత ద్రవాన్ని తట్టుకోవు. కాల్షియం కూడా 50 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఆగిపోతుంది.

కాబట్టి 1500 గ్రాములలోపు బిడ్డకు ఫోర్టిఫైయర్ కలపడం వైపే మేం మొగ్గుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం దీన్ని అందరికీ తప్పనిసరి చేయలేదు, 32 వారాలలోపు లేదా 1500 గ్రాములలోపు పిల్లలకు ఆలోచించవచ్చని మాత్రమే అంది. బరువు, పొడవు, తల చుట్టుకొలత కొంచెం మెరుగ్గా పెరుగుతాయని రుజువు ఉంది. పెద్దయ్యాక మెదడుకు లాభమా అన్నది తేలలేదు. సాధారణంగా పాలు రోజుకు కిలోకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల మధ్యకు చేరాక మొదలుపెడతారు.

ఆవుపాల నుంచి చేసినదా, మనిషి పాల నుంచి చేసినదా? రెండోది చాలా ఖరీదు. స్వీడన్‌లో 28 వారాలలోపు పుట్టిన 228 మందితో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో ఎన్ఈసీ, రక్తంలో ఇన్‌ఫెక్షన్, మరణం కలిపి లెక్కిస్తే రెండు గుంపులకూ తేడా రాలేదు. అక్కడ పిల్లలందరికీ మూలం తల్లిపాలో దాత పాలో, ఫార్ములా కాదు. మూలం మనిషి పాలైనప్పుడు ఆవుపాల ఫోర్టిఫైయర్ గురించి భయపడాల్సిన పనిలేదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

కలిపే తీరులోనే తప్పులు జరుగుతాయి. ప్యాకెట్ ఎన్ని మిల్లీలీటర్లకో కంపెనీని బట్టి మారుతుంది, లేబుల్ చదవకుండా పాత అలవాటుతో కలపకూడదు. అర ప్యాకెట్‌ను కంటికి అంచనా వేసి పోస్తే ఒక పూట పల్చగా, ఇంకో పూట చిక్కగా తయారవుతుంది. అందుకే పూర్తి ప్యాకెట్‌కు సరిపడే పాలలో కలిపి, కావలసినంత తీసుకోవాలి. కలిపిన పాలు 24 గంటలు దాటితే పారబోయాలి. విటమిన్, ఇనుము చుక్కలను ఒకే పూట పాలలో పోయకుండా వేర్వేరు పూటలకు పంచాలి, లేకపోతే గాఢత బాగా పెరుగుతుంది.

మోతాదు అందరికీ ఒకటే ఉంచి కలిపితే కొంతమంది పిల్లలు ఎదగరు. అప్పుడు ప్రోటీను ఎంత అందుతోందో సూచించే యూరియా నైట్రోజన్‌ను రక్తంలో చూసి ప్రోటీను సర్దవచ్చు: డెసిలీటరుకు 10 మిల్లీగ్రాముల కంటే తగ్గితే పెంచుతారు, 16 దాటితే తగ్గిస్తారు. పాలను యంత్రంలో పరీక్షించి ఏది తక్కువైతే అది కలిపే పద్ధతి కూడా ఉంది కానీ దానికి యంత్రం, శ్రద్ధగా చేసే మనిషి కావాలి. చాలా యూనిట్లకు రక్తపరీక్ష దారే ఆచరణలో నిలుస్తుంది.

ఎంత వేగంగా, ఏ దారిలో

పాలు మెల్లగా పెంచితే పేగు భద్రమన్న నమ్మకం చాలాకాలం నడిచింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 2804 మందితో జరిగి 2019లో వెలువడిన పరిశోధన రోజుకు కిలోకు 18 మిల్లీలీటర్లు పెంచడాన్ని 30 పెంచడంతో పోల్చింది. వైకల్యం లేకుండా బతకడంలో గానీ, ఎన్ఈసీలో గానీ తేడా రాలేదు. పూర్తి పాలకు చేరిన రోజులు మాత్రం 10కి బదులు 7. ఆ మూడు రోజులూ నరంలో గొట్టం ఉండదు కాబట్టి వేగంగా పెంచడమే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 30 దాకా పెంచవచ్చంటోంది.

ట్యూబు ద్వారా పాలు రెండు మూడు గంటలకోసారి ఇవ్వాలా, పంపుతో ధారగా ఇవ్వాలా? తల్లిపాలైతే పూటల లెక్కనే మంచిది. ధారగా పోయేటప్పుడు కొవ్వు గొట్టం గోడలకు అంటుకుని బిడ్డకు చేరదు, కేలరీలు అక్కడే పోతాయి. పంపు తప్పకపోతే సిరంజి మూతి పైకి ఉండేలా వాల్చి, గొట్టం వీలైనంత పొట్టిగా పెట్టాలి. ప్రతి పూటకు ముందు కడుపులో మిగిలిన పాలను లాగి కొలిచే అలవాటు వల్ల లాభం రుజువు కాలేదు, పాలు పెంచడం మాత్రం ఆలస్యమవుతుంది. పచ్చటి వాంతి, ఉబ్బి బిగుసుకున్న పొట్ట, మలంలో రక్తం, ఉన్నట్టుండి మందకొడితనం, ఊపిరి మళ్లీ మళ్లీ ఆగడం: వీటిలో ఏది కనబడినా పాలు ఆపి డాక్టరును పిలవాలి.

చీకడం, మింగడం, ఊపిరి మూడూ కలిసి కుదరడం 32 నుంచి 34 వారాల మధ్య మొదలవుతుంది. రొమ్ము దగ్గర తాగలేని పూట కప్పు వాడితే, సీసాతో పోలిస్తే, ఇంటికెళ్లే రోజుకు పూర్తిగా తల్లిపాల మీదున్న పిల్లలు ఎక్కువమంది. కప్పుతో ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు పెరిగినట్టు ఒక పరిశోధనలో కనిపించింది. ఇంట్లో సహాయం ఉన్నవాళ్లకు కప్పే మేలు.

అదనపు చుక్కలు

ప్రోబయోటిక్స్ (పేగుకు మేలు చేస్తాయని ఇచ్చే బ్యాక్టీరియా) మీద పరిశోధనలు రెండు దారులు పట్టాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1099 మందితో చేసిన 2013 నాటి పరిశోధనలో మూడు రకాల బ్యాక్టీరియా కలిపి ఇస్తే ఎన్ఈసీ 4.4 నుంచి 2.0 శాతానికి తగ్గింది. ఇంగ్లండ్‌లో ఒకే రకం బ్యాక్టీరియాతో 1310 మందిపై చేసిన 2016 నాటి పరిశోధనలో ఏ లాభమూ రాలేదు. అంటే "ప్రోబయోటిక్" అన్న మాటను బట్టి కాదు, ఏ రకం, ఏ మోతాదు అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో నెలలు నిండని పిల్లలకు వీటిని వాడటంపై హెచ్చరిక చేసింది: ఇచ్చిన బ్యాక్టీరియా రక్తంలోకి చేరి ప్రాణాపాయం కావచ్చు. ఔషధ నాణ్యతతో తయారై, పరీక్షించిన రకం దొరికితేనే డాక్టరుతో మాట్లాడండి. ఆహార దుకాణంలో దొరికే పొడి వద్దు.

లాక్టోఫెర్రిన్ విడిగా ఇవ్వడం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదని 2203 మందితో చేసిన పెద్ద పరిశోధన 2019లో తేల్చింది. ఇనుము, విటమిన్ డి మాత్రం చర్చకు తావులేనివి. ఫోర్టిఫైయర్‌లోనో ఫార్ములాలోనో చాలినంత ఇనుము అందని బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాల వయసులో రోజుకు కిలోకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టాలి. ముందు లేబుల్ చూసి కూడాలి, రెండువైపుల నుంచీ రాకూడదు.

ఇంటికి వెళ్లేటప్పుడు

ఆసుపత్రిలో 1200 గ్రాముల బిడ్డ రోజుకు 18 నుంచి 24 గ్రాములు పెరిగితే సరైన దారిలో ఉన్నట్టే. అంటే కిలోకు 15 నుంచి 20. ఒక్క రోజు తూకం చూసి పాలు మార్చకండి. ఒంటి నీరు, మలం, మూత్రం వల్లే 30 గ్రాములు అటూఇటూ అవుతుంది. వారం సగటు చూడాలి, వారానికోసారి తల చుట్టుకొలత, పొడవు కూడా కొలవాలి. బరువు పెరుగుతూ తల, పొడవు పెరగకపోతే ప్రోటీను చాలడం లేదేమో చూడాలి.

ఇంటికెళ్లాక ప్రత్యేకంగా పోషకాలు పెంచిన ఫార్ములా వాడితే స్థిరమైన లాభం ఉంటుందని పరిశోధనలు చూపలేదు. బాగా పెరుగుతున్న బిడ్డకు రొమ్ముపాలే చాలు. పెరుగుదల గీత కిందికి జారుతున్న బిడ్డకు రోజుకు రెండు మూడు పూటలు ఫోర్టిఫైయర్ కలిపి, మిగతావి నేరుగా రొమ్ము నుంచి ఇవ్వడం మధ్యేమార్గం.

34 నుంచి 36 వారాల పిల్లలు చూడటానికి పూర్తి బిడ్డల్లాగే ఉంటారు, ఇంటికీ త్వరగా వెళ్తారు. కానీ ఐదు నిమిషాలు చీకి నిద్రపోతారు, ఆకలికి ఏడవరు. వాళ్లను మూడు గంటలకోసారి లేపాలి, రొమ్ము తాగాక పిండిన పాలు కొంచెం కప్పుతో పట్టాలి. 24 గంటల్లో తడిసిన గుడ్డలు ఆరు కంటే తగ్గినా, పసుపు రంగు పొట్ట దాటి కాళ్లకు దిగినా మర్నాటి దాకా ఆగకూడదు.

ఘనాహారం మొదలుపెట్టే వయసును పుట్టినరోజు నుంచి కాక, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కించాలి. 34 వారాలలోపు పుట్టిన పిల్లలపై భారత్‌లో జరిగి 2017లో వెలువడిన పరిశోధన ఆ లెక్కన నాలుగు నెలలను ఆరు నెలలతో పోల్చింది. ఏడాది వయసులో బరువులో తేడా రాలేదు. నాలుగు నెలలకే మొదలుపెట్టినవాళ్లు మాత్రం ఎక్కువసార్లు ఆసుపత్రి పాలయ్యారు.